చాయ్‌పత్తా పెట్టె గాలిమోటరు

రెజిమెంటల్ బజార్లో జీవరాజు మాస్టారి ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు ఇంటి నంబరు అక్కర్లేదు, ముక్కుంటే చాలు. ఆ సందులో ఒకచోట చాయ్‌పత్తా ఉడుకుతున్న వాసన, వడ్రంగులు కాచే సరేసు బంక వాసన కలగలిసి గుప్పుమనేవి. అదే ఇల్లు. లోపల మాస్టారు చాయ్ కాస్తున్నాడనుకుంటే మాత్రం పొరపాటు. ఆయన చెక్క ఉడకబెడుతూ ఉండేవాడు.

మిషన్ బడిలో డ్రాయింగు మాస్టారు. పొడుగ్గా, కాస్త ముందుకు వంగి నడిచే మనిషి. నడుము వంగినా కళ్ళు మాత్రం నేలమీద ఉండేవి కావు. అలా ఆకాశం చూస్తూ నడిచి ఒకసారి బడి గేటు దగ్గర పడుకున్న బర్రెకు తగిలి, "క్షమించండి" అని చెప్పి మరీ ముందుకు సాగాడని పిల్లలు చెప్పుకునేవారు. అందులో సగమైనా నిజమై ఉంటుంది.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందంటే, బేగంపేటలో విమానాలు దిగడం కొత్తగా మొదలైన రోజుల్లో కొత్త పెళ్ళికూతురు సలోమిని వెంటబెట్టుకొని చూడ్డానికి వెళ్ళాడు. రెండు వరసల రెక్కలు, వాటి మధ్య నిలువు కర్రలు, బిగించి కట్టిన తీగలు, ముందు గిర్రున తిరిగే పంకా, తల ఒక్కటే పైకి కనిపించేలా కూర్చున్న పైలట్. రెక్కలకు తొడిగింది గుడ్డ. గాలికి ఆ గుడ్డ వణుకుతుంటే జీవరాజుకు ఒళ్ళు జలదరించింది. విమానం గడ్డిమీద గెంతుకుంటూ పరుగెత్తింది. అది పైకి లేచాక జనమంతా చప్పట్లు కొట్టారు. జీవరాజు చూసింది అంతకు ముందు క్షణాన్ని. చక్రానికీ గడ్డికీ మధ్య వేలెడు సందు ఏర్పడింది. ఆ సందులోంచి అవతలి వెలుతురు కనిపించింది. అంతే. ఆ వేలెడు వెలుతురు ఆయన కళ్ళలో పడి మళ్ళీ బయటికి రాలేదు.

"గుడ్డ రెక్కలేనా? గిట్లాంటిది ఇంట్ల సుత కుట్టుకోవచ్చు గద," అంది సలోమి నవ్వుతూ. ఆ ఒక్క మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు చెంపలేసుకుందో ఆమెకే తెలుసు.

విమానం బొమ్మలు చేయడానికి ఇంగ్లీషువాళ్ళ సీమలో బాల్సా అని ఒక చెక్క దొరుకుతుందట. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదట. పాత పత్రికల్లో దాని గురించి చదవడమే తప్ప జీవరాజు దాన్ని కళ్ళతో చూసింది లేదు. కాబట్టి ఊళ్ళో ఉన్నవాటితోనే సర్దుకున్నాడు. ఇరానీ హోటళ్ళకు చాయ్‌పత్తా వచ్చే పెట్టెలుంటాయే, వాటి పలకలు పొరలు పొరలుగా అతికించిన చెక్క. దాన్ని నీళ్ళలో బాగా ఉడకబెడితే బంక కరిగి పొరలు దేనికది విడిపోతాయి. ఆ పొరను నీడలో ఆరబెట్టి, పగిలిన గాజుపెంకుతో గీకి గీకి, వెలుతురుకు పట్టుకుంటే వెనకున్న వేలి నీడ కనిపించేంత పలచగా చేసేవాడు. రెక్కల అంచులకు పతంగులవాళ్ళ దగ్గరి వెదురు. ముక్కుకు నిర్మల్ బొమ్మలు చెక్కే పొణికి కర్ర. పైన తొడుగు పతంగి కాగితం, దాన్ని అతికించేది మైదా గంజి. చక్రాలు సీసా బిరడాలు. ఇంజనేమో పాత లారీ ట్యూబు నుంచి సన్నగా కోసిన రబ్బరు పట్టీలు. పంకాను వేలితో వెనక్కి తిప్పితే అవి మెలిపడతాయి, వదిలితే విప్పుకుంటూ పంకాను తిప్పుతాయి.

చెక్క ఉడికేది సలోమి అన్నం గిన్నెలోనే. ఎంత తోమినా ఆ ఇంట్లో అన్నం చాయ్ వాసన వేసేది. చుట్టాలొస్తే సలోమి ముందే చెప్పి వడ్డించేది.

ఇంత చేసినా ఒక్కటీ ఎగరలేదు. కొన్ని ముక్కుమీద పడ్డాయి, కొన్ని తోకమీద కూర్చున్నాయి. ఒకటి గోడ దాటి పక్కింటి బాలమ్మ కుడితి తొట్టిలో పడితే, ఆమె బర్రె మైదా గంజి రుచి చూసి రెక్కలన్నీ నమిలేసింది. బాలమ్మ పాలు, మజ్జిగ అమ్ముకునే మనిషి. ఆమె చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా క్లాక్‌టవర్ దాకా పోయేది. "మా సారు గాలిమోటరును నా బర్రె తిన్నది" అని ఊరంతా చాటింది. పాలు పలచనైనప్పుడల్లా నేరం ఆ గాలిమోటరుమీదే వేసేది. అయినా మాస్టారంటే ఆమెకు మహా గొప్ప. ఎవరైనా బొమ్మ అంటే ఊరుకునేది కాదు. "బొమ్మేంది? గాలిమోటరు అనుండ్రి," అని దిద్దేది.

ఇక సలోమి. ఆమె సంఘంలో బైబిల్ ఉమన్. ఇంటింటికీ తిరిగి వాక్యం చదవడం, జబ్బుపడ్డవాళ్ళ పక్కన కూర్చుని ప్రార్థన చేయడం ఆమె పని. ఆమె గురించి బజారంతటికీ తెలిసిన సంగతి ఒక్కటే, అబద్ధం ఆడదు. ఇది మాటవరసకు అనడం కాదు. ఒకసారి బెజవాడలో పెళ్ళికి వెళ్ళి వస్తుంటే సరిహద్దు దగ్గర కరోడ్‌గిరివాళ్ళు సుంకం కోసం సామాన్లు సోదా చేస్తున్నారు. జీవరాజు కొత్త పట్టుచీరను పరుపుచుట్టలో దాచి, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు. వాళ్ళు చూసి పోబోతుంటే సలోమి వెనక్కి పిలిచి, "అన్నా, ఆ పరుపుల ఒక పట్టుచీర సుత ఉన్నది," అని చెప్పింది. ప్రసంగం ఎలా ఉందని పాస్టరు యెషయాగారు అడిగితే, "మధ్యల నాకు జెర నిద్రొచ్చింది అయ్యగారూ," అనేసిన మనిషి.

అందుకే జీవరాజు తన విమానాల గురించి ఆమె అభిప్రాయం ఏనాడూ అడగలేదు. బజారంతా నవ్వినా ఆయనకు పట్టేది కాదు. ఆమె నోటి నుంచి ఒక్కసారి, "ఇది ఎగిరింది" అన్న మాట వినాలి. ఆయన బతుక్కి కోరిక అదొక్కటే. అబద్ధం ఆడని మనిషి అంటే ఇక దానికి తిరుగులేదు కదా.

పంతొమ్మిది వందల నలభై ఎనిమిది వచ్చింది. నైజాముకూ యూనియన్‌కూ పొసగక సరుకుల రాకపోకలు బిగుసుకుపోయాయి. ఉప్పుకూ కిరసనాయిలుకూ కటకట. చాయ్‌పత్తా పెట్టెలు రావడమే తగ్గింది. ఇరానీ హోటలు యజమాని తన దగ్గరున్న చివరి ఖాళీ పెట్టెను జీవరాజు చేతిలో పెట్టి, "సంభాల్‌కే మాస్టర్, పైలం. ఇగ మళ్ళ ఎప్పుడొస్తయో ఖుదాకే తెలుసు," అన్నాడు.

ఉన్నది ఒక్క పెట్టె. చెడగొడితే ఇంకోటి లేదు. అంతకుముందెన్నడూ లేనంత నిదానంగా జీవరాజు పనికి కూర్చున్నాడు. బేగంపేటలో చూసిన ఆ పాత రెండు వరసల రెక్కల విమానాన్నే చేశాడు. బడి నుంచి వచ్చి సాయంత్రపు వెలుతురున్నంతసేపు గాజుపెంకుతో గీకేవాడు. చెక్క పొట్టు మోకాళ్ళమీద, చొక్కామీద, తలమీద రాలేది. బయట వాన. ఊళ్ళో రకరకాల పుకార్లు. ఆ గదిలోకి వస్తే మాత్రం కాలం ఎక్కడో ఆగిపోయినట్టుండేది. పతంగి కాగితం తొడిగి, నీళ్ళు చిలకరించి ఆరబెడితే అది తనంతట తనే బిగుసుకొని, గోటితో మీటితే చిన్నగా మోగింది. జీవరాజు దాన్ని చెవి దగ్గర పెట్టుకొని మళ్ళీ మళ్ళీ మీటాడు.

శ్రావణం వానలు తెరిపిచ్చిన ఒక పొద్దున, విమానాన్ని దుప్పట్లో చుట్టుకొని బడి వెనక మైదానానికి ఒక్కడే వెళ్ళాడు. గడ్డిమీద మోకాలెత్తున పొగమంచు. దూరంగా స్టేషనులో ఇంజను ఆవిరి వదులుతున్న చప్పుడు. రబ్బరు గట్టిపడేదాకా పంకాను తిప్పి, నున్నటి కాలిబాట మీద విమానాన్ని పెట్టి వదిలాడు. వదిలీ వదలగానే తను బోర్లా పడుకున్నాడు, చెంప తడినేలకు ఆనించి.

విమానం గెంతుకుంటూ పరుగెత్తింది. ఒక గెంతు, రెండు గెంతులు. మూడో గెంతు లేదు. చక్రం కింద వేలెడు వెలుతురు. ఆ వేలెడు బెత్తెడైంది, ఆ బెత్తెడు మూరెడైంది. మంచు దాటి పైకి పోయేసరికి పొద్దు దానికి ఎదురొచ్చింది. రెక్కలు చాయ్ రంగులో వెలిగాయి, లోపలి పుల్లలన్నీ కనిపించేట్టు. విశాలంగా ఒక చుట్టు తిరిగి, రబ్బరు విప్పుకుపోయాక, ఎవరో మెల్లగా చేత్తో దించినట్టు గడ్డిమీద వాలింది. జీవరాజు లేవలేకపోయాడు. ఏడుస్తున్నానన్న సంగతి ముక్కులోకి మట్టి పోయాక గాని ఆయనకు తెలియలేదు.

ఇంటికొచ్చేసరికి సలోమి చాటలో బియ్యం ఏరుతోంది. గడప దగ్గర ఆమె చెప్పులు తడిగా ఉన్నాయి. పొద్దున్నే జబ్బుమనుషుల ఇళ్ళకు పోయొచ్చే మనిషి చెప్పులు తడవడం వింతేమీ కాదు, ఆయన గమనించనే లేదు.

"సలోమీ, ఎగిరింది! నిజంగ ఎగిరింది!"

"అట్లనా," అంది ఆమె తలెత్తకుండా. "మంచిది. ముందుగాల ఆ మొకం కడుక్కోండ్రి. చాయ్ ఇస్త."

అంతే. ఆ పూట చాయ్ చల్లారిపోయినా ఆయన తాగలేదు.

సెప్టెంబరులో ఊరు మరీ బిగుసుకుంది. సందు మొదట్లో పోలీసు పహరా పెట్టారు. బాలమ్మ వాళ్ళకు మజ్జిగ పోస్తూ, ఊరికే ఉండలేక, "మా సారు ఇంట్లనే గాలిమోటరు తయారు చేసిండు తెలుసా? ఇగ లేచుడే," అని గొప్పగా చెప్పింది. తెల్లారి పోలీసు ఠాణా అధికారి అమీన్ సాబ్ ఇద్దరు జవాన్లతో జీవరాజు గుమ్మంలో నిలబడ్డాడు.

"మాస్టర్ సాబ్, మీ ఇంట్ల హవాయి జహాజ్ తయారైతున్నదని ఖబర్. యాడుంది?"

జీవరాజు బల్లవైపు చూపించాడు. జవాన్లు గదిలో దానికోసం వెతికి, అదేనని తెలిశాక నవ్వు ఆపుకోలేకపోయారు. అమీన్ నవ్వలేదు. అలసిపోయిన మనిషి. విమానాన్ని చేతిలోకి తీసుకొని రెక్కను చూశాడు, వాసన చూశాడు. "చాయ్," అన్నాడు ఆశ్చర్యంగా. తర్వాత నిట్టూర్చాడు.

"చూడుండ్రి మాస్టర్. ఎగిరే చీజ్ ఏదున్నా జప్తు చెయ్యాలె, చేసినోళ్ళను ఠాణాకు తోల్కపోవాలె. పైనుంచి వచ్చిన హుకుం. ఎగరకపోతే అది పిల్లల బొమ్మ, నాకు పని లేదు. ఒక్కటే మాట చెప్పుండ్రి. ఇది ఎగురుతదా?"

ఎగరదు అంటే సరిపోయేది. నాలుగక్షరాల మాట. కాని ఆ ప్రశ్న ఎవరైనా తనను అడగాలని జీవరాజు ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూస్తున్నాడు. అడిగింది అమీన్ అయితేనేం. ఛాతీ పొంగింది, నోరు తెరిచాడు.

"ఎగరదు," అంది సలోమి.

చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. "ఎన్నేండ్ల సందో చేస్తనే ఉన్నరు సాబ్. ఒక్కటి ఎగరలే. ఇది సుత ఎగరదు."

అమీన్ ఆమె ముఖంలోకి అనుమానంగా చూశాడు. తన నోటి నిర్వాకానికి హడలిపోయి అప్పటికే అక్కడికి వచ్చిన బాలమ్మ అందుకుంది. "సలోమమ్మ అబద్ధం చెప్పదు సాబ్! బజార్ల ఎవ్వర్నన్న అడుగుండ్రి!" జవాన్లలో ఒకడు నిజమేనన్నట్టు తలూపాడు. వాళ్ళ అమ్మ పక్కన కూర్చొని సలోమి ఎన్నోసార్లు ప్రార్థన చేసింది.

"అయితే ఖిలోనాయే, పిల్లల బొమ్మే," అన్నాడు అమీన్. గుండెమీది బరువు దిగినట్టు, విమానాన్ని జాగ్రత్తగా బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి గండం గడిచింది. జీవరాజు మాత్రం కుర్చీలో కూలబడ్డాడు. తనను కాపాడ్డానికి అలా అందేమో అని ఒక్క క్షణం అనుకున్నాడు. వెంటనే పరుపుచుట్టలోని పట్టుచీర గుర్తొచ్చింది. ఈమె ఎవరికోసమైనా అబద్ధం ఆడుతుందా? ఆడదు. అంటే ఆమె మనసులో ఉన్నదే చెప్పింది. ఎగిరిందని తను వచ్చి చెప్పినా నమ్మలేదన్నమాట. ఠాణాకు పోయినా ఇంత బాధ ఉండేది కాదు. ఆయన విమానాన్ని దుప్పట్లో చుట్టి అటకమీద పెట్టేశాడు. అన్నం గిన్నెను బూడిదేసి తళతళా తోమి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు.

ఆ తర్వాత అన్నం అన్నం వాసనే వేసింది. ఎందుకో ఇద్దరికీ సహించలేదు.

పోలీసు చర్య జరిగిన రోజుల్లో నిజం విమానాలే ఊరిమీదుగా పోయాయి. సందంతా బయటికొచ్చి మెడలెత్తి చూసింది. "సారూ, గాలిమోటర్లు! జెర బయటికి రాండ్రి!" అని బాలమ్మ గోడమీంచి అరిచింది. జీవరాజు రాలేదు. కిటికీకి వీపు పెట్టుకొని పిల్లల డ్రాయింగు కాగితాలు దిద్దుతూ కూర్చున్నాడు. సలోమి గుమ్మంలో నిలబడి ఒకసారి ఆకాశాన్నీ ఒకసారి ఆయన వీపునూ చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది. రోజులు గడిచి అంతా ముగిసింది. కొన్ని ఇళ్ళలో పండగ, కొన్ని ఇళ్ళలో తలుపులు మూసే ఉన్నాయి. బజారు మెల్లగా తెరుచుకుంది. ఇరానీ హోటలుకు చాయ్‌పత్తా పెట్టె కూడా ఒకటి వచ్చింది. జీవరాజు దాని పక్కనుంచే నడిచిపోయాడు.

అక్టోబరు మొదటి ఆదివారం, నెలకోసారి వచ్చే సంస్కారపు ఆదివారం. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడాన్ని ఆ సంఘంలో బల్ల అంటారు. మనసులో తప్పు పెట్టుకున్నవాళ్ళు బల్లకు పోకూడదు. అందుకే ఎవరు లేచారు, ఎవరు కూర్చుండిపోయారు అన్నది అందరూ కళ్ళు మూసుకునే గమనిస్తారు. ఆ రోజు ఆడవాళ్ళ వరస మొత్తం లేచింది. సలోమి లేవలేదు. బైబిల్ ఉమన్ బల్లకు పోకపోవడమా! గుడి అంతా గుసగుసలాడింది. యెషయాగారు రొట్టె పట్టుకొని ఒక్క క్షణం ఆగి ఆమెవైపు చూశారు. సలోమి ముసుగు ముందుకు లాక్కొని తల వంచుకుంది. మోకరించి ఉన్న జీవరాజు రొట్టె చేతిలోనే పట్టుకొని వెనక్కి తిరిగి చూశాడు.

ఇంటిదారి పట్టాక అడిగాడు. "ఏమైంది సలోమీ? ఏం తప్పు చేసినవని?"

"అబద్ధమాడిన నోరు. ఆ నోటితోని బల్లకు ఎట్ల పోను?"

"నువ్వా? ఎవరితోని ఆడినవ్?"

"పోలీసోళ్ళతోని. మీ ముంగటనే గద."

జీవరాజు నడక ఆగిపోయింది. ఆమె ఆ రోజు చెప్పింది ఒక్కటే మాట. ఎగరదు అంది. అది అబద్ధమైతే...

"నువ్వు చూసినవా?" అన్నాడు.

"చూడక? పొద్దుగాల పాణం బాగలేని రోసమ్మ దగ్గర ప్రార్థన చేసి మైదానం మీదికెల్లి వస్తున్న. మంచుల మీరు కనపడ్డరు. అది లేచింది, తిరిగింది, కూసున్నది. అంతా చూసిన."

"మరి అప్పుడే ఎందుకు పిలువలే? ఇంటికొచ్చి చెప్తె సుత అట్లనా అన్నవ్!"

సలోమి కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మీరు నేలమీద బోర్ల పడి ఏడుస్తున్నరు. ప్రార్థన చేసుకునేటోళ్ళను మధ్యల పిలుస్తమా? సిగ్గనిపించి ముందుగాల ఇంటికొచ్చిన. పోలీసుల సంగతైనంక చెప్పాలనే అనుకున్న. చెప్తె మీరు సంబరం పట్టలేక బాలమ్మకు చెప్తరు, బాలమ్మ పహరా వాళ్ళకు చెప్తది. ఊకున్న. ఇగ ఊకొని ఊకొని ఎట్ల చెప్పాల్నో తెల్వలే."

"అయితే దేవుని ముందు ఒప్పుకొని బల్ల తీసుకోవచ్చు గద."

"తప్పు చేసిన్నని మనసుకు అనిపిస్తెనే గద ఒప్పుకునేది," అంది సలోమి. "నాకు అనిపిస్తలే. రేపు మళ్ళొచ్చి అడిగినా అట్లనే చెప్త."

ఇన్నేళ్ళు జీవరాజు ఒక్క మాట కోసం ఎదురుచూస్తే, ఆమె ఆ మాటకు బదులు తన బల్లనే ఇచ్చేసింది. ఇంటికి పోయి ఆయన అటకమీంచి దుప్పటి మూట దించాడు. "దా," అన్నాడు. ఆదివారపు తెల్లచీర కూడా మార్చుకోనివ్వలేదని ఆమె గొణుగుతూనే వెంట నడిచింది.

మైదానంలో ఎండ మెత్తగా ఉంది. పంకాను తిప్పుతూ జీవరాజు ఎప్పుడూ కోరనిది ఒకటి కోరాడు. ఇది ఎగరకుండా పడిపోతే బాగుండు. పడిపోతే ఆమె చెప్పిందే నిజమవుతుంది, వచ్చే నెల నలుగురితోపాటు లేచి బల్లకు పోతుంది. అటకమీది చెమ్మకు కాగితం కొంచెం వదులైంది కూడా. రబ్బరును సగమే తిప్పి వదిలేస్తే సరి. కాని వేళ్ళు ఆయన మాట వినలేదు. గట్టిపడేదాకా తిప్పాయి.

"అట్ల నిలబడితే కనబడదు. బోర్ల పడుకోవాలె," అన్నాడు.

సలోమి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కొంగు దోపుకొని ఆయన పక్కన గడ్డిలో పడుకొని చెంప నేలకు ఆనించింది. ఆయన వదిలాడు. విమానం గెంతుకుంటూ పోయింది.

"కనబడ్డదా? కిందికెల్లి వెలుగు?"

ఆమె చేత్తో తడుముకుంటూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. విమానం వాళ్ళిద్దరి తలలమీదుగా తిరిగి, మొదటిసారికంటే ఎత్తుకు లేచి, చాయ్ రంగు రెక్కలతో ఎండలో ఈదుతూ పోయింది. వెల్లకిలా తిరిగి దాన్ని చూస్తూ సలోమి, కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి కారుతుంటే నవ్వింది.

"ఎగిరింది," అంది. "ఇగ వచ్చే నెల సుత నాకు బల్ల లేదు."